ట్రాక్టరు ఫ్యాను, బెల్టుల సంరక్షణము

గడచిన ఆరుద్ర కార్తెలో మన సంఘ గ్రామములలో నొకదానియందు జరిగిన సంగతితో ఈ వ్యాసమును ప్రారంభించుచున్నాము. చాల దినములు ఎండలు కాచిన పిమ్మట ఒక రాత్రి పదునైన వాన కురిసినది. తెల్లవారగనే ఒక సభ్యుడు తన ట్రాక్టరునకు గొఱ్ఱు తగిలించి వేరుశనగ విత్తనారంభించెను. మధ్యాహ్నమునకు రెండవ చేను సగమైనది. అంతలో బోనెట్టు క్రిందనుండి ఆవిరి లేచినది. దిగి చూడగా ఫ్యాను బెల్టు తెగి వ్రేలాడుచుండెను. అది ఎప్పుడు తెగినదో అతడెరుగడు. వేడిని జూపు ముల్లు ఎరుపు గీతను దాటియున్నను, అతని చూపు వెనుకనున్న చాళ్లమీదనే యుండెను. బెల్టు కొరకు పట్టణమునకు మనిషిని పంపిరి. ఆ కొలత బెల్టు మొదటి అంగడిలో దొరకలేదు. మరునాటి సాయంకాలమునకు బెల్టు వచ్చినది గాని అప్పటికి నేల పైపదును ఆరిపోయినది. ఇంజను హెడ్డు గ్యాస్కెట్టు కూడ చెడినదని మేస్త్రి చెప్పెను. సగము చేను మరియొక వాన వచ్చువరకు విత్తనము లేకయే యుండెను.

బెల్టు వెల కొన్ని వందల రూపాయలు. దానివలన పోయినది ఒక పదును. మన ప్రాంతమున పదును పోవుట యనగా ఏమో ఈ పత్రికను చదువు రైతులకు మేము వేరుగ చెప్పనక్కరలేదు. సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు నేల మనది. 2022వ సంవత్సరమున శ్రీ సత్యసాయి జిల్లా వేరైన పిదపను రెండు జిల్లాల ఆకాశమును, ఎఱ్ఱనేలయు ఒక్కటియే. ఇట్టి నేలయందు విత్తుదినమున యంత్రము నిలిచిపోకుండ చూచుకొనుట సేద్యములో నొక భాగమని గ్రహింపవలయును.

పూర్వము కపిలతో నీరు తోడిన మన పెద్దలు ఎద్దులను కట్టకముందే మోకును చేతితో తడవి చూచెడివారు. ఒక పురి తెగియున్నచో ఆ దినమే మార్చెడివారు; బాన నడిబావిలోనికి పోయినపుడు తెగనిమ్మని వదలెడివారు కారు. ట్రాక్టరునకు ఫ్యాను బెల్టు అట్టి మోకు.

ఇంజను వేడెక్కుటకు కారణము

డీజిలు మండినపుడు పుట్టు వేడిలో సుమారు మూడవవంతు మాత్రమే పనిగా మారి చక్రములను త్రిప్పును. ఇంచుమించు మరియొక మూడవవంతు పొగగొట్టము ద్వారా వెలుపలికి పోవును. తక్కినదానిలో చాలవరకు ఇంజను లోహములోనే నిలుచును. దానిని తీసివేయనిచో పిస్టను ఉబ్బి సిలిండరును పట్టివేయును. దీనినే మేస్త్రులు ఇంజను సీజగుట యందురు.

ఆ వేడిని తీసివేయుటకై సిలిండరుల చుట్టును నీరు తిరుగుచుండును. వేడెక్కిన నీరు రేడియేటరులోని సన్నని గొట్టములగుండ దిగును. ఆ గొట్టముల నడుమ పలుచని రేకులు కలవు. వెనుకనున్న ఫ్యాను ముందునుండి గాలిని ఆ రేకుల సందులగుండ లాగి నీటిని చల్లార్చును. మోటారుకారు దారిపై వేగముగ పోవునపుడు ఎదురుగాలియే కొంత సహాయము చేయును. ట్రాక్టరు దున్నునపుడు మనిషి నడకకంటె కొంచెము హెచ్చు వేగముతోనే కదలును. నూర్పిడి యంత్రమును త్రిప్పునపుడు అసలే కదలదు. కావున ట్రాక్టరునకు ఫ్యాను గాలియే దిక్కు.

చాల ట్రాక్టర్లలో ఒక్క బెల్టే మూడు పనులు చేయును. ఇంజను ముందరి పుల్లీనుండి బయలుదేరి, నీటిపంపును, దానితో కూడ ఫ్యానును, ఆపై బ్యాటరీకి విద్యుత్తు నిచ్చు ఆల్టర్నేటరును త్రిప్పును. కావున బెల్టు తెగినపుడు గాలి ఆగును, నీరు తిరుగుట ఆగును, బ్యాటరీ దీపము వెలుగును. పనిలో నున్నపుడు బ్యాటరీ దీపము వెలిగి, వేడి ముల్లు పైకి పోవుచున్నచో బెల్టు తెగెనని గాని జారుచున్నదని గాని తలంచి వెంటనే ఆపవలయును.

మన ప్రాంతపు ప్రత్యేక బాధలు

మొదటిది ధూళి. ఎండిన ఎఱ్ఱనేలలో దుక్కి చేయునపుడు లేచు దుమ్ము రేడియేటరు రేకుల సందులలో చేరును. అచ్చట నూనె చెమ్మ యున్నచో ఆ దుమ్ము అట్టగట్టును. రెండవది వేరుశనగ పొట్టు, ఎండుటాకు. నూర్పిడి కాలమున ఫ్యాను గాలితోపాటు వీనిని కూడ లాగి రేడియేటరు ముఖమున గోనెసంచి కప్పినట్లు చేయును. అపుడు ఫ్యాను ఎంత తిరిగినను గాలి లోనికి రాదు.

మూడవది ఎండ. వేసవిలో 40 డిగ్రీలు దాటిన గాలి నీటిని చల్లార్చు శక్తి తక్కువ గలది. అంతియేగాక ఎండకును, ఇంజను వేడికిని రబ్బరు బెల్టు గట్టిపడి బీటలు వారును. నాల్గవది బోరునీరు. మన బోరునీటిని కాచిన పాత్రలో తెల్లని సున్నపు పొర కట్టుటను ఇల్లాండ్రు ఎరుగుదురు. అట్టి పొరయే రేడియేటరు గొట్టములలో కట్టి వేడిని వెలుపలికి రానీయదు. కావున రేడియేటరులో బోరునీరు పోయక, శుద్ధజలమును, కూలెంటు ద్రవమును డబ్బామీద వ్రాసిన పాళ్లలో కలిపి పోయవలయును. కొన్ని కూలెంట్లు తియ్యగా నుండును, విషము. పాతదానిని తీసినపుడు పశువులు, కుక్కలు త్రాగునట్టి చోట పారబోయరాదు.

బెల్టును పరీక్షించు విధము

ఇంజను ఆపి, తాళపుచెవి తీసి, చల్లారిన పిదప బెల్టును చేతితో త్రిప్పి లోపలివైపు చూడుడు. అడ్డముగ బీటలున్నను, అంచు దారములు లేచియున్నను, నూనె తగిలి మెత్తబడియున్నను మార్చవలయును. బెల్టు పుల్లీ గాడి యొక్క రెండు ప్రక్కలను పట్టుకొని లాగునే కాని గాడి అడుగున కూర్చుండి లాగదు. గాడి అడుగు మెరయుచున్నచో బెల్టు అరిగి క్రిందికి దిగినదని యర్థము. అట్టి బెల్టును ఎంత బిగించినను జారును. ఇంజను వేగము పెంచినపుడు కీచుమను చప్పుడు వచ్చుటయు జారుటకు గుర్తు.

బిగువు చూచుటకు రెండు పుల్లీల నడుమ పొడవైన భాగము మధ్యను బొటనవ్రేలితో గట్టిగా నొక్కవలయును. సాధారణముగ 10 నుండి 15 మిల్లీమీటర్లు, అనగా సుమారు అర అంగుళము దిగవలయును. మీ ట్రాక్టరు పుస్తకములో వేరు కొలత యున్నచో దానినే పాటింపవలయును.

ఇచ్చట మేము చేసిన తప్పొకటి చెప్పవలసియున్నది. మేము ఉద్యోగములో చేరిన తొలి దినములలో ఒక రైతు బెల్టు జారుచున్నదని మాతో చెప్పెను. మేము గాడిని చూడలేదు. బెల్టు అరుగుదలను చూడలేదు. బిగువు చాలదని తలచి, దానిని వీణతీగవలె బిగించి, ఇక జారదని ధైర్యము చెప్పి వచ్చితిమి. నిజముగనే జారలేదు. కాని ఆ కాలము ముగియకముందే నీటిపంపు బేరింగు అరిగి, ఫ్యాను ఊగి, రేడియేటరును చీల్చినది. ఆ రైతు మమ్ము ఒక్క మాటయు అనలేదు. అనియున్నచో మాకు ఇంతకాలము జ్ఞాపకముండెడిది కాదేమో. వదులు బెల్టు ఇంజనును కాల్చును. మితిమీరి బిగించిన బెల్టు బేరింగులను తినును. రెండును నష్టమే.

బెల్టును మార్చు క్రమము

1. ఇంజను పూర్తిగ చల్లారనిండు. చేతి బ్రేకు వేసి, బ్యాటరీ యొక్క ఋణధ్రువపు తీగను విప్పుడు.

2. పాత బెల్టు ఏ పుల్లీమీదుగ ఎట్లు పోవుచున్నదో కాగితముపై గీసికొనుడు, లేదా చేతిఫోనుతో ఫొటో తీసికొనుడు.

3. ఆల్టర్నేటరును పట్టియున్న క్రింది బోల్టును, పైన చీలిక పట్టీలోనున్న బోల్టును పానాతో వదులు చేసి, ఆల్టర్నేటరును ఇంజనువైపు నెట్టుడు. బెల్టు వదులగును. దానిని పుల్లీనుండి తీసి, ఫ్యాను రెక్కలమీదుగ ఒక్కొక్కటిగా దాటించి వెలుపలికి తీయుడు.

4. క్రొత్త బెల్టు వీపుమీది అంకె పాతదాని అంకెతో సరిపోవలయును. కంటికి అంతే పొడవుగ కనుపించుట చాలదు. అదే దారిన దానిని ఎక్కింపుడు. స్క్రూడ్రైవరుతో పొడిచి బలవంతముగ ఎక్కించినచో లోపలి దారములు తెగును. పైకి తెలియదు, కొన్నాళ్లకు పనిలో తెగును.

5. ఆల్టర్నేటరును వెలుపలికి లాగి తగిన బిగువు వచ్చిన పిదప బోల్టులను బిగింపుడు. తిన్నని కఱ్ఱను పుల్లీల ముఖములకు ఆనించి అన్నియు ఒకే వరుసలో నున్నవో లేదో చూడుడు. వంకరగ నున్నచో క్రొత్త బెల్టును ఒక ప్రక్కనే అరుగును.

6. క్రొత్త బెల్టు మొదట కొంచెము సాగును. పది ఇరువది గంటలు పని చేసిన పిదప మరల బిగువు చూడవలయును. ఈ రెండవ పరీక్షను చాలమంది మరచెదరు.

ఫ్యానును మార్చు క్రమము

బెల్టు తీసియున్నపుడే ఫ్యానును చేతితో త్రిప్పి చూడుడు. గరగర చప్పుడు వచ్చినను, రెక్కను పట్టి ముందు వెనుకలకు ఊపగా ఆట కనుపించినను, నీటిపంపు బేరింగు పోయినదని యర్థము. పంపు అడుగున నొక చిన్న రంధ్రము కలదు. అందుండి నీరు బొట్లుబొట్లుగ కారుచున్నచో లోపలి సీలు చెడినది. కొందరు ఆ రంధ్రమును మైనముతోనో సబ్బుతోనో మూయుదురు. ఆ రంధ్రము పెట్టినదే ఆ సంగతిని తెలుపుటకు. దానిని మూసినచో నీరు బేరింగులోనికి పోయి దానిని చెరచును.

రెక్కల మొదట, రివెట్ల చుట్టును సన్నని బీటలున్నవేమో పరిశీలింపుడు. ప్లాస్టికు ఫ్యానులు వేడికి పెళుసెక్కి చీలును. విరిగిన రెక్కను వెల్డింగు చేయించుట, వంగినదానిని సుత్తితో సరిచేయుట, ఎదుటి రెక్కను కోసి తూకము సరిపుచ్చుట మన గ్రామములలో చూచుచున్నాము. ఇవి మూడును ప్రమాదకరములు. నిమిషమునకు వేలకొలది చుట్లు తిరుగు వస్తువు తూకము తప్పినచో బేరింగును విరుచును. అతికిన ముక్క ఊడినచో తుపాకిగుండువలె వచ్చును. రెక్క ఒక్కటి చెడినను ఫ్యాను మొత్తమును మార్చవలయును.

ఫ్యానును తీయుటకు ముందు రేడియేటరునకును ఫ్యానునకును నడుమ దళసరి అట్టముక్క నొకదానిని దించుడు. పానా జారినను రెక్క తగిలినను రేకులు చెడవు. ఫ్యాను చుట్టునున్న గాలిచట్రము అడ్డమున్నచో దాని బోల్టులు విప్పి వెనుకకు జరుపుడు. పాత ఫ్యాను యొక్క ఏ ముఖము రేడియేటరువైపు నున్నదో సుద్దతో గుర్తుపెట్టి, బోల్టులను కొంచెము కొంచెముగ వరుసగ వదులు చేసి తీయుడు. క్రొత్తది అదే వ్యాసము, అన్నే రెక్కలు, అదే వంపు గలదై యుండవలయును. వెనుకది ముందుగ బిగించినచో గాలి దిక్కు మారకపోయినను దాని బలము చాల తగ్గును. స్ప్రింగు వాషరులు మరువక వేసి, బోల్టులను ఎదురెదురుగ బిగింపుడు. పిదప చేతితో ఒక పూర్తి చుట్టు త్రిప్పి, ఏ రెక్కయు చట్రమునకు తగులకుండుట చూడుడు.

గాలిచట్రము విరిగినదని తీసి పారవేయువారు కలరు. చట్రము లేనిచో ఫ్యాను రేడియేటరు గుండ గాలి లాగుటకు మారుగ, ప్రక్కలనుండి ఇంజను వేడిగాలినే మరల మరల త్రిప్పుచుండును. దానిని తప్పక బాగుచేయించి పెట్టవలయును.

అన్నియు బిగించి, అట్టముక్కను, పనిముట్లను తీసి, బ్యాటరీ తీగ కలిపి ఇంజను నడుపుడు. ఫ్యాను రెక్కల వరుసకు ఎదురుగ నిలువక ప్రక్కకు నిలువవలయును. రేడియేటరు ముందరి జాలీ వద్ద ఒక కాగితమును ఉంచి చూడుడు. ముందునుండి గాలి లాగు ట్రాక్టరైనచో కాగితము జాలీకి అంటుకొని నిలుచును. జారి పడినచో బెల్టు జారుచున్నదని గాని, రేడియేటరు పూడినదని గాని, ఫ్యాను తప్పుగ బిగింపబడినదని గాని తెలిసికొనవలయును.

రేడియేటరును శుభ్రపరచుట

నూర్పిడి జరుగు దినములలో రెండు మూడు గంటల కొకసారి ఇంజను ఆపి, జాలీపై చేరిన పొట్టును మెత్తని కుంచెతో తుడువవలయును. రేకుల సందులలోనిదానిని ఇంజనువైపునుండి ముందుకు గాలి గాని సన్నని నీటిధార గాని కొట్టి తీయవలయును. ముందునుండి కొట్టినచో చెత్త మరింత లోనికి పోవును. బండ్లు కడుగు యంత్రపు బలమైన ధారను దగ్గరగ పట్టినచో రేకులు వంగి సందులు మూతపడును.

ట్రాక్టరు వేడెక్కినపుడు

నూర్పిడి యంత్రమునకు పోవు శక్తిని ఆపి భారము తగ్గింపుడు. బెల్టు సరిగ నుండి, నీరు పోనిచో ఇంజనును కొన్ని నిమిషములు మెల్లగ తిరుగనిచ్చి ఆపుడు. బెల్టు తెగినను, నీరు కారిపోయినను వెంటనే ఆపుడు. రేడియేటరు మూతను తీయకుడు. మూత బిగించియున్నంతవరకు లోపలి నీరు ఒత్తిడివలన 100 డిగ్రీలు దాటియు మరుగకుండును. మూత తీసిన క్షణమున మరిగి ముఖముపై చిమ్మును. అరగంటకు పైగ ఆగి, చేతికి వేడి తగులని పిదప, దళసరి గుడ్డ వేసి మూతను కొంచెము త్రిప్పి ఆవిరిని పోనిచ్చి, ఆ తరువాతనే తీయవలయును. కాలిన ఇంజనుమీదను, దానిలోను చన్నీరు పోసినచో హెడ్డు పగులును.

తిరుగుచున్న ఫ్యాను వద్దకు తువ్వాలు భుజమున వేసికొని పోరాదు. పంచె కుచ్చెళ్లు, చీర కొంగు, జడ దాని దరికి రాకూడదు. చప్పుడెక్కడిదో చూచుటకై వంగిన మనిషి తువ్వాలు కొన బెల్టులో చిక్కినచో, ఆతని చేయి తప్పించుకొనుటకు క్షణమైనను ఉండదు. విద్యుత్తుతో తిరుగు ఫ్యాను గల బండ్లలో ఇంజను ఆపిన పిదప కూడ ఫ్యాను దానంతట అదే తిరుగవచ్చును. అట్టివానికి బ్యాటరీ తీగ విప్పక చేయి పెట్టరాదు.

సంఘము చేయదగిన పని

గార్లదిన్నె వద్ద ట్రాక్టర్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వమువారి దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థ 1983 నుండి ఉన్నది. ట్రాక్టరు నడుపుటయు, బాగుచేయుటయు అచ్చట నేర్పుదురు. ప్రతి గ్రామమునుండి ఒక యువకుడైనను అచ్చట నేర్చి వచ్చినచో ఆ గ్రామమంతటికి మేలు.

మరియొక సూచన. సభ్యుల ట్రాక్టర్ల జాబితా వ్రాసి, ఒక్కొక్కదాని బెల్టు అంకెను గుర్తించి, ఆ అంకెల బెల్టులను రెండేసి సంఘపు గిడ్డంగిలో ఉంచవచ్చును. వాడుకొన్న సభ్యుడు వెల చెల్లించి తీసికొనును. సంఘము మరల తెప్పించి పెట్టును. ఒక్కొక్క రైతు అన్ని విధముల విడిభాగములను దాచుకొనలేడు. అందరు కలిసి దాచుకొనగలరు. సహకారమనగా ఇదియే. వానిని ఎండ తగులని చోట, మడత పెట్టక, చుట్టగ వ్రేలాడదీయవలయును.

రోహిణి కార్తెలో ట్రాక్టరునకు పని తక్కువ. ఆ దినములలోనే బెల్టు చూచుట, ఫ్యానును ఊపి చూచుట, రేడియేటరును కడుగుట, నీటిని మార్చుట ముగింపుడు. ఒక పూట పని. మృగశిరలోనో ఆరుద్రలోనో వాన కురిసిన మరునాటి ఉదయమున, గొఱ్ఱు తగిలించుటకు ముందు, బోనెట్టు ఎత్తి బెల్టును బొటనవ్రేలితో ఒక్కసారి నొక్కి చూడుడు. గడచిన సంవత్సరము సగము చేను నిలిచిపోయిన సభ్యుడు ఇప్పుడు ఆ పని చేయుచున్నాడు. అతని పనిముట్ల పెట్టెలో క్రొత్త బెల్టు ఒకటి ఎల్లప్పుడును ఉండును.